ఎడం పెడల్

సూదికళ్ళావిడ ఆఫీసు మెట్లెక్కేవాళ్ళు మామూలుగా నెమ్మదిగా ఎక్కుతారు. సగం దాకా వచ్చి వెనక్కి చూస్తారు. తలుపు తట్టాలా వద్దా అని కాసేపు నిలబడతారు. ఆ వేళ వచ్చినావిడ మాత్రం మెట్లని తిట్టుకుంటూ ఎక్కింది, తలుపు తట్టకుండా తోసింది. చేతిసంచిలోంచి పొడుగాటి ఇనప పానా ఒకటి తీసి బల్ల మీద ధన్‌మని పెట్టింది. ఆ అదురుకి టీ గ్లాసు బోర్లాపడి, బల్ల పక్కన కూర్చున్న అసిస్టెంటు మోకాళ్ళు తడిసిపోయాయి.

"డిటెక్టివువి నువ్వేనా?" అని ఆయన్నే అడిగింది.

ఆయన ప్యాంటు దులుపుకుంటూ కిటికీ దగ్గరి కుర్చీ వైపు చూపించాడు. గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి, భారీ శరీరం. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ డిటెక్టివు దగ్గర చేరి, ఆవిడ నోట్లోంచి ఏ మాట వచ్చినా ముత్యంలా ఏరుకుంటున్నాడు. కిటికీ దగ్గర కూర్చున్నది సన్నగా, పొట్టిగా ఉండే నడివయసు ఆడమనిషి. మనిషిని చూస్తే ఎక్కడో గుచ్చుకున్నట్టు ఉంటుందని ఊరంతా ఆవిడని సూదికళ్ళావిడ అంటారు.

"ఆడదానివా, నయం. సగం విడమరిచి చెప్పక్కర్లేదు" అని వచ్చినావిడ కుర్చీ లాక్కుంది.

ఆవిడని వాళ్ళ వీధిలో పానాలమ్మ అంటారు. వయసులో ఉన్నప్పుడు నూలుమిల్లుకి సైకిల్ మీద వెళ్ళేది. దారిలో ఆగిపోయిన ప్రతిసారీ మగాళ్ళ మొహం చూడాల్సి వస్తోందని రిపేరు తనే నేర్చుకుంది. మిల్లు మానేసినా పానాలు మానలేదు. ఇంట్లో కింద గదినిండా పనిముట్లే. వీధిలో ఎవరి సైకిల్ కుయ్యోమన్నా ఆవిడ గుమ్మంలోకే వస్తుంది.

ఆవిడకి ఒక్కతే కూతురు. ఆసుపత్రిలో రక్తం తీసి పరీక్షలు చేసే ఉద్యోగం. అల్లుడు ఫొటోగ్రాఫరు. ఇద్దరూ పానాలమ్మ ఇంట్లోనే మేడమీద ఉంటారు. మొన్న సాయంత్రం పానాలమ్మ అల్లుడి సైకిల్‌ని ఊడదీసి, కడిగి, గ్రీజు పెట్టి, మళ్ళీ బిగించి వరండాలో నిలబెట్టింది. మర్నాడు పొద్దున్న కూతురి సైకిల్లో గాలి లేకపోతే ఆ పిల్ల మొగుడి సైకిల్ వేసుకుని డ్యూటీకి బయల్దేరింది. రొట్టెల దుకాణం దగ్గర దిగుడులో హ్యాండిల్ ఒకవైపు తిరిగింది, చక్రం తిరగలేదు. గోడకి కొట్టుకుని కుడి మణికట్టు విరిగింది. వేళ్ళు మునుపటిలా ఆడతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడట డాక్టరు. సూది పట్టుకోలేని వేళ్ళతో ఆ ఉద్యోగం ఎలా?

"హ్యాండిల్ బోల్టు నేను బిగించడం మర్చిపోయానట. నా కూతురు నన్ను గదిలోకి రావద్దంది. అన్నేళ్ళు పెంచి పెద్దచేసిన నన్ను, ఆ గుమ్మం దాటొద్దంది" అంది పానాలమ్మ. గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. "నేను బిగించాను. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య నొక్కిపెట్టి హ్యాండిల్ తిప్పి చూడందే సైకిల్ని వదలను. ఎవడో విప్పాడు. ఎవడో చెప్పు చాలు, తక్కింది నేను చూసుకుంటాను."

"మీ పొరపాటే అని తేలితే?" అని అడిగింది సూదికళ్ళావిడ.

అసిస్టెంటు పానాని మెల్లగా బల్ల అవతలికి జరిపాడు. పానాలమ్మ దాన్ని మళ్ళీ తన ముందుకి లాక్కుంది.

"తేలితే నా కూతురి ముందే చెప్పు. ఆ గదిలో ఉన్న ఇనుమంతా పాత సామాన్లు తూకానికి కొనే కాటావాడికి వేసేస్తాను."

*

ఆ గదిని చూసి అసిస్టెంటు గుమ్మంలోనే ఆగిపోయాడు. గోడ పొడుగునా మేకులు, మేకుకొక పానా, దాని వెనక సున్నం మీద దాని ఆకారమే పెన్సిలుతో గీసి ఉంది. ఏది లేకపోయినా గోడే చెప్పేస్తుంది. చైను తోమడానికి అరిగిన పళ్ళబ్రష్షులు, చక్రం పుల్లలు సరిచేసే గుండ్రటి చిన్న పానా, తోలు చుట్టిన చెక్క సుత్తి, టైరు ఊడదీసే చదును కడ్డీలు. అన్నిటిలోకీ ఆవిడకి ముద్దు పెడళ్ళు విప్పే పొడుగాటి పానా. పొద్దున్న ఆఫీసు బల్ల అదరగొట్టింది అదే. పిడి దగ్గర ఆవిడ బొటనవేలు ఆనేచోట ఇనుము అరిగి నున్నగా మెరుస్తోంది.

గదికి తాళం వేసి తాళంచెవి నడుముకి దోపుకుంటుందట. ప్రమాదం జరిగాక సైకిల్‌ని గదిలో పడేసి తాళం వేసింది, ఎవరినీ ముట్టనివ్వలేదు. పని చేసిన సాయంత్రం మాత్రం సైకిల్ రాత్రంతా వరండాలోనే ఉంది. ఆ సాయంత్రం బయటివాడు ఒక్కడే వచ్చాడు. అల్లుడి అన్న. వీధి చివర సైకిల్ షాపు అతనిదే. కాసేపు వరండాలో ఒంటరిగా కూర్చున్నాడు కూడా.

"సైకిల్‌కి ఆ రోజు ఏమేం చేశారు?" అని అడిగింది సూదికళ్ళావిడ.

పానాలమ్మ వేళ్ళు మడవకుండానే చెప్పుకుపోయింది. చైను కడగడం, బ్రేకు తీగలు మార్చడం, హ్యాండిల్ కాడ బయటికి లాగి గ్రీజు పూసి దించడం, రెండు పెడళ్ళూ విప్పి మరలకి గ్రీజు పెట్టి మళ్ళీ ఎక్కించడం.

"అయితే ఆ పెడళ్ళు ఒకసారి విప్పండి" అంది సూదికళ్ళావిడ అసిస్టెంటుతో.

ఆయన పొడుగు పానా తగిలించి కుడి పెడల్ మీద బరువు వేశాడు. వెన్నలా ఊడొచ్చింది. సంబరపడిపోయి ఎడమవైపు చేరి పానా తగిలించాడో లేదో, పానాలమ్మ ఆయన చేతి మీద ఫెడీమని ఒక్కటేసింది.

"అటు తిప్పితే ఊడదయ్యా, ఇంకా బిగుసుకుంటుంది. ఎడం పెడల్‌కి మర ఎదురు. లోకంలో బోల్టులన్నీ ఎటు తిప్పితే ఊడతాయో ఇది అటు తిప్పితే బిగుస్తుంది. అలా లేకపోతే తొక్కగా తొక్కగా దానంతటదే ఊడిపడదూ?"

ఆయన సిగ్గుపడి ఇటువైపు తిప్పాడు. పెడల్ కదల్లేదు. పానాలమ్మ ఆయన్ని పక్కకి తోసి తనే పట్టింది. పళ్ళబిగువున వేలాడింది. ఊహూ.

"ఇదేమిటి, నేనింతలా బిగించలేదే" అని వంగి చూసి, ఒక్క ఉదుటున నిటారుగా లేచింది. పెడల్ ఇరుసుకి పానా పట్టే చదును పక్కలు చెక్కుకుపోయి ఉన్నాయి. కొత్త గాట్లు, లోపలి ఇనుము తెల్లగా మెరుస్తోంది. సూదికళ్ళావిడ భూతద్దం తీసి వాటిని చూసింది, తర్వాత హ్యాండిల్ బోల్టు తల చూసింది. అక్కడా అవే గాట్లు.

"ఇవి నా పానాల గాట్లు కావు. నా పానా నోరు బోల్టుకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, కొరకదు. ఇది వంటింట్లో కుళాయి బిగించే రెంచి పని. నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే రెంచి ఉంటుందే, అది. సింకు కింద పడుంటుంది. దాన్ని నా సైకిళ్ళ దరిదాపులకి రానివ్వను. ఏ దరిద్రుడో నమిలి పారేశాడు."

సూదికళ్ళావిడ వంటింట్లోకి వెళ్ళి సింకు కింద తలపెట్టింది. రెంచి పళ్ళ మధ్య నల్లటి గ్రీజు అంటుకుని ఉంది. కుళాయికి గ్రీజెవరు పెడతారు? దాన్ని జేబురుమాలులో చుట్టి సంచిలో వేసుకుని, ఈ సంగతి ఇంట్లో ఎవరితోనూ అనొద్దని పానాలమ్మ దగ్గర మాట తీసుకుంది. ఆ మాట ఇవ్వడానికి పానాలమ్మ ఎంత అవస్థ పడిందో ఆవిడ మొహం చూస్తే తెలిసిపోయింది.

*

మేడమీద కూతురు కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని కూర్చుంది. తల్లికున్న మంటే ఆ పిల్లకీ ఉంది. కాకపోతే ఈమెది నివురుగప్పిన నిప్పు. బయల్దేరినప్పటి సంగతులు అడిగితే అన్నీ చెప్పింది. తన సైకిల్లో గాలి లేదు, కొట్టుకునేంత సమయం లేదు. మొగుడి సైకిల్ తీసి గేటు దగ్గర బెల్లు కొడితే ఆయన మేడమీద కిటికీలోంచి చూశాడు, నోట్లో పళ్ళపేస్టు నురగ. ఈమె చెయ్యి ఊపింది, వెళ్ళిపోయింది. అమ్మ చేతులు వణుకుతున్నాయని, ఆ పనిముట్లు ఇంక మాన్పించాలని ఆయన ఈమధ్య తరచుగా అంటూనే ఉన్నాడట. తనే చెవిన పెట్టలేదట.

"మీ అమ్మగారికీ ఆయనకీ పడదా?" అని సూదికళ్ళావిడ అడిగింది.

"ఆయన ఒక్క మాట అనరు. అమ్మకే నోటికి హద్దు లేదు. ఇంటికి ఎవరొచ్చినా సరే, మా ఎడం పెడల్ వచ్చాడా, ఎడం పెడల్‌కి టీ ఇచ్చావా అంటుంది. ఏం చెప్పినా ఎదురే తిరుగుతాడని ఆ పేరు. వీధిలో అందరూ నవ్వుతారు, ఆయనా నవ్వి ఊరుకుంటారు. నాకే ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు చూడండి, ఎవరి మొహాన కొట్టిందో ఆవిడ పనితనం."

అక్కణ్ణుంచి సైకిల్ షాపుకి వెళ్ళారు. అల్లుడి అన్న టైరు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. వీళ్ళు ఎందుకొచ్చారో వినగానే టైరు విసిరేశాడు. ఆవిడ వల్ల షాపుకి పనులు తగ్గిన మాట నిజమే, ఆవిణ్ణి నలుగురిలో తిట్టిన మాటా నిజమే. అలాగని హ్యాండిల్ విప్పుతానా, సైకిల్ మీద కూర్చునేది మనిషి కాదూ అని అరిచాడు. ఆ సాయంత్రం తను వెళ్ళింది తమ్ముడు రమ్మంటేనేనట. ఫొటో స్టూడియో పెట్టడానికి ఇంట్లోనే ఒక గది దొరుకుతోంది, బల్లలు మోయడానికి సాయం రావాలన్నాడట. ఏ గదో చెప్పలేదు.

"మీ తమ్ముడికి షాపు పని వచ్చా?"

"వాడా? ఈ గడప తొక్కడు. గ్రీజు అంటితే ఫొటోలు పాడవుతాయట."

ఎడం పెడల్ పేరెత్తేసరికి అంత కోపంలోనూ అతనికి నవ్వు ఆగలేదు. దగ్గొచ్చేదాకా నవ్వాడు. అత్తగారి నోరు పాడుదే గానీ పేరు మాత్రం అతికినట్టు కుదిరింది, చిన్నప్పటినుంచీ వాడిని ఇటు తిప్పితే అటు బిగుసుకుంటాడు అన్నాడు.

చివరికి అల్లుడు. మర్యాదస్తుడు, కుర్చీలు తనే తెచ్చి వేశాడు. గోడకి ఆనించి ఒక పెద్ద తెర చుట్ట ఉంది. ఫొటోలకి వెనక కట్టే రంగుల గుడ్డ, ఇంకా అట్ట కూడా విప్పలేదు. మేడమీద గదులు దానికి సరిపోయేంత ఎత్తు లేవని అసిస్టెంటుకి కూడా తట్టింది. అల్లుడు అత్తగారి మీద ఒక్క చాడీ చెప్పలేదు. పెద్దావిడ, వయసు మీదపడింది, ఏమీ అనకండి అన్నాడు. ప్రమాదం జరిగినప్పుడు తను స్నానాల గదిలో ఉన్నాడట. భార్య తన సైకిల్ తీసుకెళ్ళిందని కూడా తెలియదట. జనం వచ్చి చెబితే తడి తలతోనే పరిగెత్తాడట.

"మిమ్మల్ని ఎడం పెడల్ అంటారట, ఎందుకంటారు?" అని అడిగింది సూదికళ్ళావిడ.

అతని పెదాలు నవ్వాయి గానీ దవడ బిగుసుకుంది. "ఎడంకాలి కింద పడుండేవాడినని. అత్తగారింట్లో ఉంటున్నాను కదండీ, తొక్కించుకోవాలి మరి."

సూదికళ్ళావిడ ఇంకేమీ అడగకుండా లేచింది. మెట్లు దిగుతూ అసిస్టెంటు మూడు రకాల అనుమానాలు వరసగా వినిపించాడు. అన్నిట్లోనూ దోషి సైకిల్ షాపతనే. ఆవిడ వినలేదు. ఆవిడ చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఇన్ని కేసుల్లోనూ ఆవిడకి కోపం రావడం ఆయన ఎన్నడూ చూడలేదు.

*

మర్నాడు అందరినీ పానాల గదిలో కూర్చోబెట్టింది. కూతురికి కుర్చీ వేశారు, అల్లుడు ఆ కుర్చీ వెనక నిలబడ్డాడు. అన్న గుమ్మానికి చేరబడ్డాడు, నన్నెందుకు పిలిచారని గొణుగుతూనే ఉన్నాడు. పానాలమ్మ తన గోడకి వీపు ఆనించి చేతులు కట్టుకుంది. మధ్యలో ఆ సైకిల్.

సూదికళ్ళావిడ రెంచిని తీసి నేల మీద పెట్టి, గొంతు పెంచకుండా మొదలుపెట్టింది. హ్యాండిల్ బోల్టు వదులైపోలేదు, దీనితో విప్పారు. గాట్లు బోల్టు మీద ఉన్నాయి, గ్రీజు రెంచి పళ్ళలో ఉంది. పానాలమ్మగారు విప్పాలనుకుంటే ఈ గోడ నిండా పానాలుండగా సింకు కింద దూరక్కర్లేదు. కనక ఇది పొరపాటు కాదు, చేసింది ఆవిడ కాదు.

కూతురు తల్లి వైపు చూడబోయి ఆగింది.

"రెంచి వంటింట్లోది, ఎవరైనా తీయొచ్చు" అని సూదికళ్ళావిడ సాగించింది. "కానీ ఆ మనిషి ముందు ముట్టుకున్నది హ్యాండిల్‌ని కాదు, ఎడం పెడల్‌ని. ఊడదీద్దామని చూశారు. కుళాయి విప్పినట్టు, సీసా మూత తీసినట్టు తిప్పారు. అది బిగిసింది. రాలేదని ఇంకా బలంగా తిప్పారు, ఇంకా బిగిసింది. పక్కలు చెక్కుకుపోయేదాకా తిప్పి, విసిగిపోయి, అప్పుడు హ్యాండిల్ మీదికి వెళ్ళారు. ఎడం పెడల్‌కి మర ఎదురని తెలిసినవాళ్ళెవరూ ఆ పని చేయరు. పానాలమ్మగారికి తెలుసు. ఆవిడ చేతికింద పెరిగిన కూతురికి తెలుసు. షాపు నడిపే అన్నగారికి తెలుసు. ఇంట్లో వంటింటి దాకా వెళ్ళగలిగి, అది తెలియనివాళ్ళు ఒక్కరే."

"నాకూ తెలుసు" అన్నాడు అల్లుడు వెంటనే. "సైకిల్ తొక్కేవాడికి ఆ మాత్రం తెలియదా?"

"అయితే మిమ్మల్ని ఎడం పెడల్ అని ఎందుకంటారు?"

అతను నోరు తెరిచాడు. కళ్ళు పెడల్ మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి అందరి మొహాల మీదికి తిరిగాయి.

"చెప్పరా" అన్నాడు అన్న. ఇప్పుడతని గొంతులో నవ్వు లేదు.

"ఎదురు... ఎదురు తిరుగుతానని" అన్నాడు అతను నెమ్మదిగా, అప్పుడే తెలిసినట్టు.

"నిన్న నాతో అలా చెప్పలేదు. ఎడంకాలి కింద పడుండేవాడినన్నారు" అంది సూదికళ్ళావిడ. "అందరూ నవ్వే మాట మీకొక్కరికే అర్థం కాలేదు. అడగడానికి నామోషీ. అర్థమై ఉంటే ఆ పెడల్ జోలికి వెళ్ళేవారు కాదు, వెళ్ళినా కుళాయిలా తిప్పేవారు కాదు."

అంతే, కట్ట తెగింది. అవును నేనే అన్నాడు. ఇంటికొచ్చిన ప్రతివాడి ముందూ ఆ పేరు, ఆ నవ్వులు. స్టూడియోకి ఈ గది అడిగితే నా శవం మీంచి వెళ్ళమందట అత్తగారు. ఇనప ముక్కలకున్నంత చోటు తనకి లేదా? రాత్రి బోల్టు వదులుచేసి, పొద్దున్నే సైకిలెక్కి గేటు దగ్గరే పడదామనుకున్నాడు. నలుగురూ చూస్తారు, ముసలావిడ చేతులు పనికిరావని తేలిపోతుంది, గది ఖాళీ అవుతుంది.

"నాకే దెబ్బ తగలాలనుకున్నాను. ఒట్టు. నువ్వు తీసుకెళ్తావని కల్లో కూడా అనుకోలేదు" అన్నాడు భార్యతో.

పానాలమ్మ గోడ నుంచి కదిలింది. ఆవిడ చేతిలోకి పొడుగు పానా ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. అసిస్టెంటు తన భారీ శరీరాన్ని అడ్డం పెట్టాడు గానీ ఆవిణ్ణి ఆపింది ఆయన కాదు.

"అమ్మా, ఆగు" అంది కూతురు. కుర్చీలో వెనక్కి తిరిగి మొగుడి మొహంలోకి చూసింది. "కిటికీలో ఉన్నారు కదా."

"నేను..."

"బెల్లు కొట్టాను. చూశారు. చెయ్యి ఊపాను."

"నోట్లో నురగ ఉంది" అన్నాడు అతను.

"ఉమ్మెయ్యలేకపోయారా?"

కిటికీలోంచి అరిస్తే విప్పింది తనేనని తెలిసిపోతుంది. ఆ ఒక్క క్షణంలో అతను లెక్క చూసుకున్నాడు, ఆ లెక్కలో భార్య మణికట్టు తక్కువ తూగింది. ఈ సంగతి సూదికళ్ళావిడ చెప్పక్కర్లేకపోయింది. ఆ పిల్ల మొహంలో అది అక్షరం అక్షరంగా కనిపిస్తూనే ఉంది.

అన్న ముందుకొచ్చి తమ్ముడి జబ్బ పట్టుకున్నాడు. నడు, పోలీసుస్టేషన్లో కూడా ఇదే చెబుదువుగాని, ఈ ఇంట్లో మాత్రం ఇంక నిలబడకు అన్నాడు. వెళ్ళేటప్పుడు అల్లుడు ఒకసారి వెనక్కి చూశాడు. భార్య చూడలేదు. గేటు చప్పుడైంది.

ముందు మాట్లాడింది పానాలమ్మే. "చెప్పానా, నా చేతులకి తెలుసని."

"తెలుసు. చేతులకి తెలుసు" అంది కూతురు. కోపం మాత్రం తగ్గలేదు. "నోటికి తెలీదు. ఆయన చేసింది క్షమించను, ఎప్పటికీ క్షమించను. కానీ ఇంట్లో మనిషికి అర్థం కాని పేరు పెట్టి ఊరందరితో నవ్వించావు. ఒక్కసారి కూర్చోబెట్టి, ఇదిరా అల్లుడూ ఎడం పెడలంటే, అని చెప్పలేకపోయావు."

పానాలమ్మకి జవాబులు పుష్కలంగా వచ్చాయి. పెదాల దాకా వచ్చాయి కూడా. కూతురి కట్టు కట్టిన చెయ్యి చూసి మింగేసింది.

సూదికళ్ళావిడ భూతద్దం సంచిలో వేసుకుని గుమ్మం దాటింది. అసిస్టెంటు ఏదో మెచ్చుకోలు మాట అనబోయి, ఆవిడ మొహం చూసి మానుకున్నాడు. వెనక గదిలోంచి కూతురి గొంతు వినిపించింది.

"నిన్నటినుంచీ ఏమీ తినలేదు. ఎడంచేత్తో నాకు రావడం లేదు. అన్నం కలిపి పెట్టు. మాట్లాడకుండా పెట్టు."

పానాలమ్మ కుళాయి దగ్గర నిలబడి, గోళ్ళ సందుల్లోని గ్రీజు పోయేదాకా చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. పళ్ళెం తెచ్చి కూతురి ముందు కూర్చుని, మొదటి ముద్ద నోటికందించింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు.